వీరనారుల వరుసలో ఎవరెవరు?

(చాకలి ఐలమ్మ స్మారకోపన్యాస పాఠం)



ఐలమ్మ స్మారకోపన్యాసం పాలకుర్తిలో పెట్టుకోక మాదాపూర్‌లో ఏమిటని ఒకరిద్దరు అడిగారు. పాలకుర్తిలో ఆమెను కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. ఇక్కడ ఉంది. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ మొదలైన నాటినుంచి ఈ బండరాళ్ళ నేల మీద ఎంతోమంది ఆడపిల్లలు సొంత జీతం కళ్ళజూశారు. దాంతోపాటే ఒక ఆనవాయితీ కూడా వచ్చింది. ఫిబ్రవరి రాగానే సాహస మహిళలకు అవార్డులంటూ నామినేషన్ల మెయిళ్ళు మొదలవుతాయి. మార్చి 8న శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో. ఆ వేదిక మీదికి ఒక ట్రాన్స్ మహిళను పిలవొచ్చా, కూడదా? ఈ ప్రశ్న కమిటీ గదుల్లో వస్తోంది, అక్కడే నీళ్ళు నమిలి వదిలేస్తున్నారు. ఇవాళ దాన్ని బయటికి తెచ్చి మాట్లాడదాం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పిలవాలి. ఆడవాళ్ళ అవార్డే ఇవ్వాలి. పక్కన ఇంకో పీట వేసి కూర్చోబెట్టడం కాదు. కాదనేవాళ్ళందరూ ద్వేషంతో అంటున్నారని మాత్రం నేననుకోను. వాళ్ళలో నా స్నేహితురాళ్ళున్నారు. ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు.

ముందు ఐలమ్మ సంగతి. పట్వారీ పొలంలో వెట్టికి రానంది. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను కోసుకుపోవడానికి విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులొస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళ అండతో ధాన్యం తన ఇంటికే చేర్చుకుంది. ఇల్లు కాల్చారు. ఇంట్లో మగవాళ్ళను జైల్లో పెట్టించారు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఇదంతా మీకు తెలిసిందే. నాకు ముఖ్యమనిపించేది ఆ తరవాతి భాగం. ఈ కథ ఆమె నోటిమాటగా పుస్తకంలోకి రావడానికి 1986 దాకా, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఆగాల్సివచ్చింది. అప్పటికి ఆమె పోయి ఏడాది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ చేత మాట్లాడించి అచ్చువేసిన పుస్తకం అది. పోరాటం నడిచినన్నాళ్ళూ మేం కావాల్సివచ్చాం, అయిపోయాక ఇళ్ళకు పొమ్మన్నారు అన్న బాధ అందులో చాలామంది మాటల్లో వినిపిస్తుంది. ధైర్యం అవసరమైనప్పుడు కేటగిరీ ఎవరూ అడగరు. గౌరవం పంచే వేళ అడుగుతారు.

ఆ రోజుల్లో ఐలమ్మను గౌరవనీయులైన స్త్రీల లెక్కలో ఎవరు వేశారు గనక? గడీలో ఉన్నామె దొరసాని. బట్టలుతికే ఆమె 'అది', 'ఇది'. ఏ ఆడదానికి ఎంత మర్యాదో గడీలే తేల్చేవి. గడీలు కూలాక కూడా ఆ లెక్క పూర్తిగా పోలేదు. 1990ల్లో మన స్త్రీవాదుల్ని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు మొహం మీదే అడిగారు, మీరు చెప్పే స్త్రీలో మేమున్నామా అని. ఉద్యమం చీలిపోతుందని కొందరు బెంగపెట్టుకున్నారు. చీలలేదు, వెడల్పయింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టగలిగారంటే ఆ నిలదీతలు లేకుండా జరిగే పని కాదు.

ఐలమ్మ పంట కాపాడుకుంటున్న కాలంలోనే, అదే నిజాం రాజ్యంలో, ఒక చట్టం అమల్లో ఉంది. 1329 ఫస్లీ, అంటే 1919 నాటిది. హైదరాబాద్ నగరంలో ఉండే 'నపుంసకుల' పేర్లు, నివాసాలు ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలి. రిజిస్టర్‌లో పేరున్న మనిషి ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. బ్రిటిష్ ఇండియాలో 1871 నేరస్థ జాతుల చట్టం చేసిన పనినే ఇక్కడ ఇది చేసింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి, హైటెక్ సిటీ లేచింది. చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. చీర కట్టుకుని వీధిలోకి రావడం నాకు గానీ మీకు గానీ సాహసం కాదు. ఆ రిజిస్టర్ నీడలో బతికినవాళ్ళకు అది రోజూ పొద్దున్నే చేసే సాహసం.

ఈ చర్చ మనతోనే మొదలు కాలేదు. 2015లో అమెరికా పత్రిక 'గ్లామర్' తన 'ఉమెన్ ఆఫ్ ది ఇయర్' జాబితాలో ట్రాన్స్ మహిళ కైట్లిన్ జెన్నర్‌కు చోటిచ్చింది. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జనాన్ని బయటికి చేరుస్తూ ప్రాణం పోగొట్టుకున్న పోలీసు అధికారిణి మోయిరా స్మిత్‌కు అంతకుముందే మరణానంతరం అదే గౌరవం దక్కింది. జెన్నర్ ఎంపిక విని మోయిరా భర్త ఆ అవార్డును పత్రికకు తిప్పి పంపేశారు. ఆయన కోపాన్ని నేను తీసిపారేయను. కాలిపోతున్న భవనంలోకి మళ్ళీ వెళ్ళిన మనిషి చేసిన పనికీ, ప్రసిద్ధురాలైన ఒక క్రీడాకారిణి తన గుర్తింపును ప్రకటించిన పనికీ ఒకే తూకమా అని అడగొచ్చు. అడగాలి కూడా. కానీ ఆ ప్రశ్న చేసిన పని గురించినది, ఒంటి గురించినది కాదు. ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లే మన చర్చ ఎప్పుడూ పక్కదారి పడుతోంది.

అమెరికా విదేశాంగ శాఖ 2007 నుంచి ప్రపంచ దేశాల సాహస మహిళలకు ఏటా అవార్డులిస్తోంది. 2014లో యాసిడ్ దాడిని తట్టుకుని నిలబడ్డ మన లక్ష్మికి ఇచ్చారు. 2022లో నేపాల్ ట్రాన్స్ మహిళ భూమికా శ్రేష్ఠకు ఇస్తే పెద్దగా గొడవ కాలేదు. మరుసటి ఏడాది మార్చి 8న వైట్‌హౌస్‌లో అర్జెంటీనా ట్రాన్స్ మహిళ ఆల్బా రుయేదాకు ఇచ్చేసరికి అక్కడి రాజకీయాలు భగ్గుమన్నాయి. అవార్డు అదే, నియమాలూ అవే. ఏడాదిలో మారింది అమెరికా రాజకీయ వాతావరణం, వేదిక మీదికి పడే వెలుతురు. ఆ మాటకొస్తే ఇదే అవార్డును 2019లో ఫిన్లాండ్ జర్నలిస్టు జెస్సికా ఆరోకు ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. ట్రంప్‌ను విమర్శిస్తూ ఆమె సోషల్ మీడియాలో పెట్టిన పోస్టులే కారణమని తరవాతి విచారణలో తేలింది. కాబట్టి 'శుద్ధ ధైర్యం' కొలిచే త్రాసు ఏదో ఉందనీ, ట్రాన్స్ మహిళలు వచ్చి దాన్ని చెడగొడుతున్నారనీ బాధపడేవాళ్ళు కొంచెం నెమ్మదించొచ్చు.

ఇక్కడి సంగతికి వద్దాం. కొన్నేళ్ళ కిందట ఈ ఐటీ కారిడార్‌లోనే ఒక అవార్డు కమిటీలో కూర్చున్నాను. ఏ సంస్థో చెప్పను. నామినేషన్లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో వేసి గోడ మీద తెరకు చూపించారు. జెండర్ కాలమ్‌లో నొక్కితే వచ్చే మాట ఒక్కటే, 'ఫిమేల్'. ఒక వరుసలో మాత్రం అది ఖాళీగా ఉంది. రాత్రి షిఫ్టు క్యాబ్‌లు ఆగే చోట ఒక అమ్మాయిని వేధిస్తున్నవాణ్ణి అడ్డుకుని, దెబ్బలు తిని, పోలీసులొచ్చేదాకా వాణ్ణి కదలనీయని హౌస్‌కీపింగ్ ఉద్యోగి ఆమె. ట్రాన్స్ మహిళ. ఆ అమ్మాయే నామినేట్ చేసింది. కమిటీలో ఎవరూ ఆమె ధైర్యాన్ని కాదనలేదు. "ధైర్యం ఓకే మేడమ్, కేటగిరీయే ప్రాబ్లమ్" అన్నారొకరు. ఆ వరుసకు పసుపు రంగు పూసి కిందికి దించారు. ఇద్దరం గట్టిగానే వాదించాం, ఓట్లలో ఓడిపోయాం. చివరికి 'ప్రత్యేక ప్రశంస' అని ఒక సర్టిఫికెట్ తయారుచేసి, వేదిక మీద కాకుండా ఆమె పనిచేసే ఫ్లోర్‌లోనే చేతికిచ్చారు.

ఆ గదిలో వినిపించిన అభ్యంతరాలే అన్ని గదుల్లోనూ వినిపిస్తాయి. ఒక్కోటి చూద్దాం.

అన్నిటికంటే బలమైనది చోటు గురించినది. "మాకున్నదే పిసరంత, అందులోంచి కూడా ఇవ్వాలా?" అని. ఈ మాట అనే ఆడవాళ్ళ ఆవేదన నాకు తెలుసు. ఏడాది పొడుగునా వేదికలన్నీ మగవాళ్ళవే, మనకు మార్చిలో ఒక్క పూట. కానీ ఆ ఒక్క పూటను కూడా ట్రాన్స్ మహిళ లాక్కుంటోందా? ఉన్నవాళ్ళెందరో చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో మగ, ఆడ కాక 'ఇతరులు'గా నమోదైనవాళ్ళు 43,769 మంది. లెక్కలకందని వాళ్ళు ఇంకా ఉంటారనుకున్నా, అందులో చదువుకుని, ఉద్యోగం దొరికి, నామినేషన్ ఫారం దాకా చేరేవాళ్ళు ఎంతమంది? మన చోటు తక్కువైందంటే మిగతా 364 రోజుల వేదికలు పట్టుకుని కూర్చున్నవాళ్ళను అడగాలి. వాళ్ళను అడగలేక, మనకంటే వెనక నిలబడ్డామె మీద పడితే ఎలా?

రెండోది, "ఆమె మగపిల్లవాడిగా పెరిగింది కదా, ఆ సౌఖ్యాలు అనుభవించింది కదా" అన్నది. ఇందులో నిజం లేకపోలేదు. మగవాడిగా పెద్ద చదువు చదివి, పెద్ద జీతానికి ఎదిగి, నలభై దాటాక తన గుర్తింపు బయటపెట్టినవాళ్ళు ఉంటారు. వాళ్ళు దాటిన గోడ వేరు. కమిటీ అది చూడాలి, తూకం వేయాలి. కానీ మన వీధుల్లో కనిపించే చాలామంది కథ అది కాదు. నడకలో తేడా ఉందని బడిలో దెబ్బలు తిని, పదిహేనేళ్ళు నిండకుండానే ఇంట్లోంచి గెంటించుకుని, ఆస్తిలో వాటా, అమ్మచేతి అన్నం రెండూ పోగొట్టుకున్నవాళ్ళు అనుభవించిన మగ సౌఖ్యం ఏమిటో నాకైతే కనిపించదు.

మూడోది నలుగురిలో అనరు, లిఫ్టులో అంటారు. "నిజంగా ఆడదో కాదో ఎవరు చూస్తారు?" ఎవరూ చూడక్కర్లేదు. ఇది పరుగుపందెం కాదు, కండ కొలిచే పని లేదు. క్రీడల్లో ఈ చర్చకు వేరే లెక్కలున్నాయి, వాటిని ఇక్కడికి మోసుకురావద్దు. ఒక శాలువా కోసం, మూడొందల రూపాయల మెమెంటో కోసం మగవాడెవడూ బతుకంతా చీర కట్టుకు తిరగడు.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం (జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ), తన లింగ గుర్తింపును తాను నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని చెప్పింది. మనకింకా దగ్గరి తీర్పు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుది. అత్తింటి వేధింపుల మీద ఒక ట్రాన్స్ మహిళ 498ఎ కింద ఫిర్యాదు చేసింది. పిల్లల్ని కనలేని మనిషి స్త్రీ ఎలా అవుతుందని అవతలివాళ్ళ వాదన. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చి, ట్రాన్స్ మహిళకూ ఆ సెక్షన్ రక్షణ ఉందన్నారు. ఆరోపణల్లో తగినన్ని వివరాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేశారు. కేసు నిలవలేదు, సూత్రం నిలిచింది. పిల్లల్ని కనడమే స్త్రీత్వానికి కొలబద్ద అయితే ఈ హాల్లో ఎంతమందిమి మిగులుతాం? బ్రిటన్ సుప్రీంకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో, అక్కడి సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో వచ్చిన శరీరాన్ని బట్టేనని తీర్పిచ్చింది. దాన్ని ఇక్కడ చాలామంది వాట్సాప్‌లో తిప్పారు. అది ఆ దేశపు ఒక చట్టానికి చెప్పిన అర్థం. మార్చి 8న మాదాపూర్‌లో శాలువా ఎవరికి కప్పాలో ఆ కోర్టు చెప్పలేదు.

మనం కమిటీల్లో తేల్చుకోలేకపోతున్నదాన్ని మన ఊళ్ళో కండక్టర్లు ఎప్పుడో తేల్చేశారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం ఉచిత ప్రయాణం ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఇచ్చింది. కోఠి నుంచి కొండాపూర్ వచ్చే 127 కె ఎక్కి చూడండి. ట్రాన్స్ మహిళ ఆధార్ చూపిస్తుంది, కండక్టర్ మెషిన్ నొక్కి జీరో టికెట్ చింపి ఇస్తుంది, బస్సు ముందుకుపోతుంది. సిద్ధాంత చర్చేమీ జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పేరులోనే స్త్రీ ఉంది, అందులోనూ వాళ్ళున్నారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా కూడళ్ళలో నిలబెట్టారు. ఏడాది తరవాత మెట్రో 20 మందిని భద్రతా సిబ్బందిగా తీసుకుంది, అదీ ముఖ్యంగా మహిళా ప్రయాణికుల భద్రత కోసం. మనల్ని కాపాడే పనికి పనికొచ్చిన మనిషి మన పక్కన నిలబడి ఫోటో దిగడానికి పనికిరాదా?

ప్రమాదం విషయానికొస్తే ఇంకా స్పష్టం. 2013 అక్టోబర్‌లో ఇక్కడినుంచే ఒక ఐటీ ఉద్యోగినిని క్యాబ్‌లో ఎత్తుకుపోయిన దారుణం తరవాత, మరుసటి అక్టోబర్‌లో పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిదని చెప్పిన పోలీసు డెస్క్ 2021 మార్చిలో సైబరాబాద్ కమిషనరేట్ పెట్టింది. గచ్చిబౌలి పోలీస్ స్టేషన్‌లో, ఇక్కడికి నాలుగడుగుల్లో. ఒక పోలీసు అధికారితో పాటు వాళ్ళ సముదాయం మనిషే అక్కడ సమన్వయం చేసే ఏర్పాటు. ఆ తరవాతి ఏడాది వాళ్ళ రక్షణ కోసం రాష్ట్రస్థాయిలో 'ప్రైడ్ ప్లేస్' వచ్చింది, తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం కిందే. ఎందుకు ఆ విభాగం కిందే? రాత్రి పదకొండింటికి ఫ్లైఓవర్ కింద మనల్ని వెంబడించే చెయ్యీ, ఆమెను వెంబడించే చెయ్యీ ఒకటే గనక. తేడా ఎక్కడంటే, చట్టం వేసే శిక్షలో. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణ చట్టం వాళ్ళ మీద లైంగిక హింసకు ఆరు నెలల నుంచి రెండేళ్ళ శిక్ష రాసుకుంది. స్త్రీ మీద అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్ళు. ప్రమాదం సమానం, రక్షణ ఐదో వంతు. ఆ స్థితిలో ఎదురు తిరిగిన మనిషి ధైర్యం మనకంటే ఎక్కువ అనాలి గానీ, వేరు అని పక్కన పెడతామా?

"అయితే వాళ్ళకే విడిగా ఒక అవార్డు పెడదాం" అనే మధ్యేమార్గం ఒకటుంది. తమిళనాడు 2021 నుంచి ఉత్తమ ట్రాన్స్‌జెండర్ అవార్డు ఇస్తోంది, గ్రేస్ బాను లాంటి పోరాటకారులకు దక్కింది. మంచిదే. అది ఉండొచ్చు. కానీ విడి అవార్డు ఉంది కాబట్టి ఈ తలుపు మూసేస్తామంటే ఒప్పుకోను. తమిళనాడులోనే సాహసానికి కల్పనా చావ్లా పేరిట మహిళలకు ఇంకో అవార్డుంది. ప్రాణాలకు తెగించిన ట్రాన్స్ మహిళ దానికి దరఖాస్తు పెడితే, మీ అవార్డు పక్క గదిలో ఉందమ్మా అని చెబుతామా? ట్రాన్స్ మహిళలైన నర్తకి నటరాజ్‌కు 2019లో, మంజమ్మ జోగతికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ గొడవే లేదు, అక్కడ ఆడ, మగ వరుసలు లేవు కనక. నీర్జా భానోత్ పేరిట ఆమె కుటుంబం పెట్టిన అవార్డు చూడండి. సామాజిక అన్యాయాన్ని ఎదుర్కొని నిలబడి, అదే కష్టంలో ఉన్న ఇతరులకు సాయపడిన భారతీయ మహిళకు ఇస్తారు. ఆ కొలత నాకు నచ్చుతుంది. మన హిజ్రా, ట్రాన్స్ సంఘాలు నడిపిన ఎంతోమంది చేసిందే అది. 'ట్రాన్స్‌విజన్' యూట్యూబ్ చానల్‌తో తెలుగులో తమ బతుకుల గురించి తామే మాట్లాడిన రచన ముద్రబోయిన ఒక ఉదాహరణ.

ఇక్కడే ఒక చిన్న హెచ్చరిక. చేర్చుకోవాలన్న ఉత్సాహంలో ట్రాన్స్ పురుషులను కూడా మహిళల జాబితాలో వేసేస్తున్నారు కొందరు, ఆడపిల్లగా పుట్టాడు కదా అని. అది గౌరవం కాదు, అవమానం. అతను మగవాడినని చెబుతుంటే మనం ఆడదానివని శాలువా కప్పడమేమిటి?

చివరిగా, ఈ కారిడార్‌కు చేదుగా ఉండే మాట. అవార్డు ఇవ్వడం తేలిక, జీతం ఇవ్వడం కష్టం. ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్ మహిళలు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ 2022లో వైద్యాధికారులుగా చేరారని పేపర్లన్నీ రాశాయి. అంతకుముందు వాళ్ళిద్దరికీ నగరంలో ప్రైవేటు ఆసుపత్రుల తలుపులు ఎలా మూసుకుపోయాయో కూడా వాళ్ళే చెప్పారు. ఎంబీబీఎస్ చదివినవాళ్ళ గతే అది. నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో మొదటిది, అమెరికా నిధులతో నడిచేది. 2025 మొదట్లో ఆ నిధులు ఆపేస్తే మూతపడింది. తరవాత టాటా ట్రస్ట్స్ సాయంతో 'సబ్‌రంగ్' పేరున మళ్ళీ తెరిచారు. రెండేళ్ళ ముందు వైట్‌హౌస్‌లో ట్రాన్స్ మహిళకు సాహస అవార్డు ఇచ్చిందీ, ఇక్కడ మందులు ఆపిందీ ఒకే దేశపు ప్రభుత్వాలు. మన కంపెనీలు కూడా అదే చేస్తే ఆ శాలువాకు విలువ లేదు. ప్రతి సంస్థలో ట్రాన్స్‌జెండర్ల ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని 2019 చట్టమే చెప్పింది. మీ ఆఫీసులో ఆ అధికారి ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను.

ఇక్కడ కమిటీల్లో కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు, హెచ్ఆర్ వాళ్ళున్నారు. మీకు నా విన్నపం. వచ్చే జనవరిలో ఫారం తయారుచేసేటప్పుడు 'తాను మహిళనని చెప్పుకునే ఎవరైనా' అని ఒక్క వాక్యం చేర్చండి. నామినేషన్లు మీ మెయిల్ లిస్టు నుంచే కాకుండా గచ్చిబౌలి డెస్క్ నుంచి, సబ్‌రంగ్ క్లినిక్ నుంచి, హౌస్‌కీపింగ్ ఏజెన్సీల నుంచి కూడా అడగండి. వచ్చినవాటిని చేసిన పనిని బట్టి తూచండి. ట్రాన్స్ మహిళ పేరు వస్తే గెలిపించమని నేనడగడం లేదు, ఆ వరుసకు పసుపు రంగు పూయొద్దని అడుగుతున్నాను. గెలిచినామెకు శాలువాతో పాటు ఆఫర్ లెటర్ కూడా ఇవ్వగలిగితే ఇంకా మంచిది.